'సీడెడ్' అను మాట

గత వేసవిలో ఒకనాటి ఉదయము కమలాపురములో మా యింటి తిన్నెపై కూర్చుండి పత్రిక చదువుకొనుచుంటిని. ప్రక్కయింటి పిల్లవాడు తొమ్మిదవ తరగతి చదువుచున్నాడు. నా భుజము మీదుగా తొంగిచూచి, సినిమా పుటలో ఒకచోట వ్రేలు పెట్టి ఆగిపోయెను. ఆ పుటలో ఒక చిత్రము ఏ ప్రాంతమున ఎంత వసూలు చేసినదో పట్టిక వేసియున్నారు. నైజాం, ఉత్తరాంధ్ర, గుంటూరు, కృష్ణా, నెల్లూరు. వీనితో పాటు 'సీడెడ్'.

"సార్, సీడెడ్ అంటే మనమేనంట గదా! మన పక్క శెనిక్కాయ ఇత్తనాలు ఎక్కువని ఆ పేరు పెట్టినారా?" అని అడిగెను.

నాకు నవ్వు వచ్చినమాట నిజమే. కాని నవ్వలేకపోతిని. వాడు తప్పుగా ఊహించినను తెలివిగానే ఊహించినాడు. 'సీడ్' అనగా విత్తనమని వానికి బడిలో చెప్పియున్నారు. విత్తనములు కలది 'సీడెడ్' అగునని వాడు తానుగా వ్యాకరణము నడిపించుకొన్నాడు. ముప్పది సంవత్సరములకు పైగా ఇంగ్లీషు పాఠములు చెప్పిన నేను ఈ మాటను ఒక్కనాడైనను తరగతిలో విడదీసి చెప్పలేదు. ఆ లోపమును కొంతవరకైన సరిచేసికొనుటకే ఈ నాలుగు మాటలు.

మొదట చిక్కు ఎక్కడ ఉన్నదో చూతము. ఇంగ్లీషులో విత్తనము అను అర్థముగల 'సీడ్' ఎస్ అక్షరముతో మొదలై నడుమ రెండు ఈ అక్షరములతో సాగును. వదలుకొనుట అను అర్థముగల 'సీడ్' సీ అక్షరముతో మొదలై, ఈ, డీ, ఈ అని ముగియును. రెంటికిని ఉచ్చారణ ఒక్కటే. రేడియోలో విన్నవారికి ఏది ఏదియో సందర్భమే చెప్పవలెను. అచ్చులో చూచినచో భేదము తెలియునుగదా అందురేమో, తెలుగులిపిలో వ్రాసినప్పుడు ఆ భేదమును మాసిపోవును. విత్తనపు సీడ్‌ను, వదలుకొను సీడ్‌ను మనము ఒక్కవిధముగనే వ్రాయుదుము. ఇది చాలదన్నట్లు టెన్నిసు ఆటలో 'సీడెడ్' ఆటగాండ్రు వేరుగా ఉన్నారు. ఆరంభపు పోటీలలోనే గట్టివారు ఒకరితో ఒకరు తలపడి రాలిపోకుండ, పట్టికలో వారిని ఎడమెడముగా నాటుదురు. అది విత్తనపు మాటయే. పిల్లవాడు ఆటల పుట చదివి సినిమా పుటకు వచ్చియుండినచో మన సీమవాసులందరును టెన్నిసు వీరులని తలంచియుండునేమో!

వదలుకొను 'సీడ్' లాటిను భాషలోని 'కెదెరె' అను క్రియనుండి వచ్చినది. పోవుట, తొలగుట, దారి యిచ్చుట అని దానికి అర్థములు. ఈ ధాతువు సంతానము మన కమలాపురములో ఇంటింట తిరుగుచున్నదనిన అతిశయోక్తి కాదు. ముందునకు పోవుట 'ప్రొసీడ్'. దానినుండి వచ్చినవే ఊరేగింపునకు పేరైన 'ప్రొసెషన్', కలెక్టరు కచేరి నుండి వెలువడు 'ప్రొసీడింగ్స్'. హద్దు దాటిపోవుట 'ఎక్సీడ్'. రైలులో బరువు మించినప్పుడు టిక్కెట్టు పరీక్షకుడు వ్రాసియిచ్చు 'ఎక్సెస్' రసీదు దాని బిడ్డ. విద్యార్థులు బస్సు పాసునకై అడుగు 'కన్సెషన్' కూడ ఈ కుటుంబములోనిదే. ఛార్జీలో కొంత తాము వదలుకొని మనకు దారి యిచ్చుటయే గదా కన్సెషను! చీము పట్టిన గడ్డను వైద్యుడు 'ఆబ్సెస్' అనును. దేహమునుండి చెడు రసము తొలగిపోవుచున్నదని పూర్వులు తలంచి పెట్టిన పేరది. పూర్వీకుడైన 'యాన్సెస్టర్' మనకు ముందు నడచిపోయినవాడు. 'సక్సీడ్' అనునది ఈ కుటుంబములో విచిత్రమైనది. ఒకరి వెనుక వచ్చి వారి స్థానమునందు నిలుచుట, కార్యము నెగ్గుట అని దానికి రెండర్థములు. తహసీలుదారు వెనుక వచ్చిన తహసీలుదారు ఆయనకు 'సక్సెసర్' అగును. ఆయనకు సక్సెస్ కలుగునా లేదా అన్నది వేరుసంగతి.

పరీక్షకు పోవు పిల్లలకు ఇచ్చట ఒక ఉపకారము చేసెదను. ఈ ధ్వనితో ముగియు ఇంగ్లీషు క్రియలలో రెండు ఈ అక్షరములు జంటగా వచ్చునవి మూడే: ఎక్సీడ్, ప్రొసీడ్, సక్సీడ్. ఎస్ అక్షరముతో వ్రాయునది ఒక్కటే: సూపర్‌సీడ్. పురపాలక సంఘమును 'సూపర్‌సీడ్' చేసిరని పత్రికలలో చూచుచుందుము. ఆ మాటకు కెదెరెతో చుట్టరికము లేదు. కూర్చుండుట అను అర్థముగల వేరొక లాటిను ధాతువునుండి వచ్చినది, ఒకరిపైన ఒకరు కూర్చుండుట యని భావము. మిగిలినవన్నియు సీ, ఈ, డీ, ఈ. కోర్టువారి 'సెషన్' సైతము కూర్చుండుటకు సంబంధించినదే. భూమిని వదలుకొను 'సెషన్' సీ అక్షరముతో మొదలగును. చెవికి రెండును ఒకటే.

ఇక అసలు క్రియ. 'సీడ్' చేయుట యనగా నేమి? ఇచ్చుట యని చెప్పి పాఠము ముగించుట తేలిక. కాని దసరాకు అల్లునికి బట్టలిచ్చినదానిని ఎవరును సీడ్ చేసితిమని చెప్పరు. పొలము అమ్మినను ఆ మాట వాడరు. ఒక రాజ్యము వేరొక రాజ్యమునకు ఒడంబడిక వ్రాసి, తన భూమిపై తనకున్న అధికారమును వదలుకొనుట దీనికి ముఖ్యార్థము. యుద్ధములో ఓడి చేయవచ్చును, బాకీ తీర్చలేక చేయవచ్చును, బేరముగను చేయవచ్చును. మనసార ఇచ్చుట మాత్రము అరుదు. వాదములో ఎదుటివాని మాట ఒప్పుకొనుట 'కన్సీడ్', ఆయుధములు క్రింద పెట్టుట 'సరెండర్'. సీడ్ చేయువాడు ఆయుధములు క్రింద పెట్టనక్కరలేదు, తప్పు ఒప్పుకొననక్కరలేదు. సంతకము చాలును. తెలుగులో 'ధారాదత్తము చేసినాడు' అని మనము వెటకారముగా అనుమాట దీనికి కొంత దగ్గర. 'బాకీ క్రింద వ్రాసియిచ్చినాడు' అనునది ఇంకను దగ్గర.

మన సీమ విషయములో జరిగినది అక్షరాల ఇదియే. 1792లో శ్రీరంగపట్టణపు సంధివలన టిప్పుసుల్తాను తన రాజ్యములో సగము వదలుకొనవలసివచ్చెను. అందులో నిజాముకు వచ్చిన వంతులో కడప సీమ ఉన్నది. 1799లో టిప్పు మరణించిన పిమ్మట మైసూరు పంపకములో మరికొన్ని తాలూకాలు నిజామునకు దక్కినవి. ఆ నిజాము, నిజాం అలీఖాన్, తన రక్షణకై ఇంగ్లీషు కంపెనీవారి సైన్యమును హైదరాబాదులో నిలుపుకొనెను. సైన్యపు ఖర్చు ఆయనదే. ఏటేట రొక్కము చెల్లించుటకు మారుగా 1800 అక్టోబరు 12వ తేదీ ఒడంబడికతో, మైసూరువలన రెండుసార్లుగా వచ్చిన భూములను కంపెనీకి శాశ్వతముగా వదలుకొనెను. నాటి గవర్నరు జనరలు వెల్లస్లీ ప్రభువు. తొమ్మిది సంవత్సరములైన నిండక మునుపే కడప సీమకు మూడవ యజమాని వచ్చెను. పాపఘ్నిలో ఏరు వచ్చిన సంవత్సరమును, రాని సంవత్సరమును లెక్కించుకొను రైతునకు ఈ యజమానులు మారిన సంగతి శిస్తు అడుగ వచ్చినవాని తలపాగను బట్టియే తెలిసియుండును.

కర్నూలు సంగతి వేరు. ఆ పట్టణము, దాని చుట్టుప్రక్కల సీమ నవాబు చేతిలో 1839 వరకు ఉండెను. కంపెనీకి కప్పము కట్టుచుండిన ఆ నవాబు రహస్యముగా ఆయుధములు కూర్చుచున్నాడని పట్టుకొని, అటుతరువాత ఆ భూమిని కలుపుకొనిరి. అది సీడ్ చేసినది కాదు, లాగికొన్నది. అయినను వాడుకలో అదియు 'సీడెడ్' లోనిదే అయినది. మాటలు ఒకసారి వ్యాపించినపిమ్మట సరిహద్దురాళ్లను లెక్కచేయవు.

కంపెనీవారు 'సీడెడ్ డిస్ట్రిక్ట్స్' అని పేరు పెట్టి, 1800లోనే టామస్ మన్రోను ప్రధాన కలెక్టరుగా పంపిరి. ఆయన 1807 వరకు ఉండెను. నాడు ఇచ్చట సుమారు 80 మంది పాలెగాండ్రు ఉండిరి. వారి కోటలు, సైన్యములు తీసివేసి, కొందరిని బంధించి, కొందరికి భరణములు ఏర్పరచి, శిస్తును నేరుగా రైతునుండి తీసికొను పద్ధతిని ఆయన నిలిపెను. 1808లో ఈ సీమను బళ్లారి, కడప యని రెండు జిల్లాలుగా విభజించిరి. పాలెగాండ్ర వంశములలో ఆ భరణముల పగ లోలోన రగులుచునే యుండెను. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు అట్టి భరణపు తగవుతోనే ముడిపడినది. 1847 ఫిబ్రవరి 22న ఆయనను కోయిలకుంట్లలో ఉరితీసిరి. ఒక క్రియాపదమునకు ఇంత రక్తము అంటుకొనియుండునని నిఘంటువు చెప్పదు.

మన్రోను మాత్రము మనవారు ద్వేషింపలేదు. కమలాపురము ప్రక్కనుండి పారు పాపఘ్ని, పైన గండి వద్ద కొండలను చీల్చుకొని వచ్చును. అచ్చట రెండు కొండల నడుమ కట్టిన బంగారు తోరణము మన్రోదొరకు కనబడినదని, అది పుణ్యాత్ములకు మరణము సమీపించినపుడే కనబడునని ఒక కథ చెప్పుకొందురు. ఆయన 1827 జూలైలో పత్తికొండలో కలరాతో మరణించిన మాట చరిత్ర. తోరణము సంగతి గండి ఆంజనేయస్వామికి తెలియును.

ఉత్తరదేశములోను ఈ పేరు పెట్టినారు. 1801లో అయోధ్య నవాబు వదలుకొన్న భూమిని, తరువాత మహారాష్ట్రులనుండి గెలిచిన భూమిని కలిపి 'సీడెడ్ అండ్ కాంకర్డ్ ప్రావిన్సెస్' అనిరి. వదలుకొన్నవి, గెలిచినవి యని అర్థము. 1836 నాటికి వారికి వేరుపేరు వచ్చినది. మనకు మాత్రము ఆ పేరు నూరేండ్లు దాటియు అంటిపెట్టుకొని యుండెను.

దీనిని తెలుగు చేసినవారు 'దత్తమండలములు' అనిరి. మంచి సంస్కృతపు మాట, చెవికి గంభీరముగా ఉన్నది. అందులోనే ఇరకాటమును ఉన్నది. దత్తము అనగా ఇయ్యబడినది. మన ఇండ్లలో దత్తు అనగానే దత్తపుత్రుడు తలపునకు వచ్చును. సంతానము లేనివారు ప్రేమతో తెచ్చుకొనిన బిడ్డ. నిజాము తన బిడ్డను కంపెనీకి దత్తు ఇచ్చెననిపించునట్లు ఆ మాట అమరినది. బాకీ క్రింద పోయిన భూమికి దత్తత గౌరవము ఎక్కడిది? అనువాదము ఒక్కొక్కచోట అసలు మాటకన్న మర్యాదగా ఉండును, ఆ మర్యాదయే నిజమును కప్పివేయును. ఇక 'మండలము'. ఆనాడు దానికి జిల్లా యని అర్థము. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చిన తరువాత పుట్టినవారు 'దత్తమండలములు' అని చదివి, కమలాపురము, ఎఱ్ఱగుంట్ల వంటి చిన్న మండలములు నాలుగైదు ఎవరో ఎవరికో ఇచ్చిరి కాబోలు ననుకొందురు.

ఈ పేరు మనవారు చాలకాలము మోసిరి. 1916లో అనంతపురమున స్థాపించిన ప్రభుత్వ కళాశాలకు 'సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజి' అనియే పేరు. దత్తమండల కళాశాల యని తెలుగులో అనెడివారు. చదువుకొని పట్టము పుచ్చుకొన్న ప్రతి యువకుని కాగితము మీదను ఆ మాట అచ్చుపడుచుండెను. ఆ కళాశాలలోనే తెలుగు బోధించిన చిలుకూరి నారాయణరావుగారు, 1928 నవంబరులో నంద్యాలలో ఆంధ్రమహాసభతో పాటు జరిగిన దత్తమండల సమావేశములో, ఈ పేరు మనకు తగదనియు, విజయనగర రాయలు ఏలిన సీమ గనుక 'రాయలసీమ' అనవలెననియు సూచించిరి. ఆ సమావేశమునకు కడప కోటిరెడ్డిగారు అధ్యక్షులు. సభ ఆ పేరును అంగీకరించినది. భాషాశాస్త్రము చదివిన పండితుడు ఈ సూచన చేయుట నాకు ముచ్చటగా తోచును. పన్నులు తగ్గించమనియు, కాలువలు త్రవ్వించమనియు అడుగు సభలో ఒక మాటను మార్చమని అడుగుటకు, మాట విలువ తెలిసినవాడే కావలెను. అప్పటినుండి పత్రికలలో, 1937 నాటి శ్రీబాగు ఒడంబడికలో, 1953లో కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు జరిగిన వాదములలో 'రాయలసీమ' అను పేరే నిలిచినది. ఆ 1953లోనే బళ్లారిలో అధికభాగము మైసూరు రాష్ట్రమున చేరెను. 1800 నాటి సీడెడ్‌లో చేరిన బళ్లారి నేటి రాయలసీమలో లేదు.

ఇంత చెప్పిన పిమ్మట పిల్లవాడు అడిగిన రెండవ ప్రశ్న నన్ను కొంతసేపు ఆపినది. "మన ఊళ్లు ఇచ్చేటప్పుడు మనోళ్లను అడిగినారా సార్?"

అడుగలేదు. ఇంగ్లీషు వ్యాకరణములో 'సీడెడ్' కర్మణిరూపము. కర్మణివాక్యమును చూడగానే, ఎవరిచేత, ఎవరికి అని ప్రశ్నింపుమని పిల్లలకు నేర్పుదుము. సీడెడ్ బై హూమ్? నిజాముచేత. టు హూమ్? కంపెనీకి. కర్త ఆయన, పుచ్చుకొన్నవారు వీరు. కమలాపురము, పులివెందుల, జమ్మలమడుగు, వానిలోని మనుష్యులు, ఎద్దులు, చెరువులు, అన్నియు ఆ వాక్యములో కర్మ. 1800లో లోకమంతట అదే రివాజు.

రివాజు మారుటకు తెలుగుదేశములోనే ఒక ఉదాహరణ ఉన్నది. గోదావరి ఒడ్డున ఉన్న యానాము, పుదుచ్చేరి, కారైకాలు, మాహేలతో పాటు ఫ్రెంచివారి క్రింద ఉండెను. 1954 అక్టోబరు 18న పుదుచ్చేరి దగ్గరి కీళూరులో ఆ ప్రాంతముల ప్రజాప్రతినిధులు సమావేశమై ఓటు వేసిరి. భారతదేశములో చేరుటకు 170 మంది, వద్దని 8 మంది. నవంబరు 1న పాలన చేతులు మారెను. 1956 మే 28న రెండు ప్రభుత్వములును వ్రాసికొన్న పత్రమునకు 'ట్రీటీ ఆఫ్ సెషన్' అనియే పేరు. అది 1962 ఆగస్టు 16న అమలునకు వచ్చినది. మాట అదే, సీ అక్షరముతో వ్రాయు సెషను. కాని అచ్చట ప్రజల సమ్మతి లేక భూభాగమును వదలుకొనరాదని ఫ్రెంచి రాజ్యాంగము శాసించియుండెను. వాక్యములో కర్మగా ఉండినవారికి ఒక ఓటు, ప్రతినిధులద్వారా నైనను, దొరికినది.

మన రాజ్యాంగమును ఈ మాటతో పెనగులాడినది. బెంగాలులోని బేరుబారి సీమలో కొంత భాగమును పాకిస్తానునకు ఇచ్చుటకు 1958లో ఇద్దరు ప్రధానమంత్రులు ఒప్పుకొనిరి. అట్లు ఇయ్యవచ్చునా యని రాష్ట్రపతి సుప్రీముకోర్టును సలహా యడుగగా, సాధారణ శాసనముతో సాగదు, రాజ్యాంగమునే సవరింపవలెనని 1960లో కోర్టు చెప్పినది. ఆ సంవత్సరమే తొమ్మిదవ సవరణ వచ్చినది. 2015లో బంగ్లాదేశముతో చిన్న చిన్న భూఖండములను మార్చుకొనుటకు నూరవ సవరణ కావలసివచ్చెను. అచ్చటి నివాసులు ఏ దేశపు పౌరులుగా ఉండదలచిరో వారే కోరుకొనిరి. వెల్లస్లీ ప్రభువు వినియుండినచో ఇది ఏమి వింత యనుకొనెడివాడు.

నేడు ఈ క్రియ నిత్యము పలుకబడు చోటు మరియొకటి కలదు. అది భీమా వ్యాపారము. ఒక భీమా సంస్థ తాను తలకెత్తుకొన్న నష్టభయములో కొంత వేరొక పెద్దసంస్థపై మోపి, అందుకు తగిన ప్రీమియము దానికిచ్చును. అట్లు మోపుటను 'సీడ్' చేయుట యందురు, మోపిన సంస్థను 'సీడింగ్ కంపెనీ' యందురు. తన సైన్యపు ఖర్చు బరువును భూమి రూపమున దించుకొన్న నిజాము ఈ లెక్కన మొదటి సీడింగ్ కంపెనీ యనవచ్చునేమో. ఇది నా చమత్కారమే గాని చరిత్రకారులు ఒప్పుకొనరు.

సినిమాకు తిరిగి వత్తము. కచేరీలు విడిచిన మాటను, కళాశాల విడిచిన మాటను, చిత్రముల పంపిణీదారులు విడువలేదు. హక్కులు అమ్ముకొనుటకు రాష్ట్రమును ముక్కలుగా పంచుకొనినపుడు నిజాము ఏలిన సీమను నైజాం అనిరి, నిజాము వదలుకొన్న సీమను సీడెడ్ అనిరి. చిత్తూరు జిల్లా మొత్తము వారి లెక్కలో సీడెడే. చరిత్రలో అట్లు కాదు. 1911లో ఆ జిల్లా ఏర్పడినపుడు కడపనుండి పోయిన మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు ఇయ్యబడిన భూమి. ఉత్తరార్కాటు నుండి వచ్చిన చిత్తూరు, చంద్రగిరి అట్టివి కావు. పంపిణీదారునకు ఈ తగవు అక్కరలేదు, ఆయనకు కావలసినది వసూళ్ల లెక్క.

ఆ మాటను మానవలెనని సీమ రచయితలలో కోరినవారు ఉన్నారు. వారి బాధ నాకు అర్థమగును, వారి పక్షమే నేనును. 'రాయలసీమ' అని అచ్చు వేయుటకు రెండక్షరములు అధికమగును, అంతకుమించి ఎవరికిని నష్టము లేదు. కాని మానువరకు, చదువు పిల్లలు దానిని విత్తనమని పొరబడకుండ చూచుట నా వృత్తికి సంబంధించిన పని.

మా పిల్లవాడు ఆ సాయంకాలము నోటుపుస్తకముతో వచ్చెను. సీ, ఈ, డీ, ఈ, డీ అని పెద్ద అక్షరములతో వ్రాసి, క్రింద 'బై: నిజాం అలీఖాన్, టు: కంపెనీ, 1800' అని మూడు గీతలలో నింపినాడు. నాలుగవ గీతలో 'ఆస్క్‌డ్: నో' అని వ్రాసియున్నది. అది నేను చెప్పిన పాఠములో లేదు. వాక్యము సరిగా లేదని దిద్దబోయి, దిద్దక పుస్తకము తిరిగి ఇచ్చితిని.

"పరీచ్చలో ఇది వస్తాదా సార్?" అని అడిగెను. రాదని చెప్పితిని.